ముద్రలోని ఉర్దూ, దస్త్రంలోని ఉర్దూ

నా ఉద్యోగ జీవితంలో అధికభాగం కాగితాలపై ముద్రలు వేయడంలోనే గడిచిపోయింది. 2014లో భద్రాచలం ప్రాంతం ఒక విచిత్రాన్ని చూసింది. పట్టణం తెలంగాణలో మిగిలింది. దానిని ఆనుకొని ఉన్న ఎటపాక, ఆపైన కూనవరం, చింతూరు పోలవరం నిమిత్తం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. అదే అడవి, అవే కోయ గూడేలు. ఇటు కాగితాల మీద కాకతీయ తోరణం, చార్మినార్; అటు కాగితాల మీద పూర్ణకుంభం. రాజముద్ర అంటే ఏమిటో అప్పుడు నాకు బాగా తెలిసింది. ఏ మెట్లెక్కి మొరపెట్టుకోవాలో చెప్పే గుర్తు అది.

2024 మేలో తోరణమూ చార్మినారూ రాచరికపు ఆనవాళ్లని, వాటిని తొలగించి కొత్త చిహ్నం తెస్తామని ప్రభుత్వం తలపెట్టినప్పుడు మనవారెందరో కలత చెందారు. అభ్యంతరాలు వెల్లువెత్తడంతో ఆవిష్కరణ వాయిదా పడింది. ఆ రోజుల్లో మన యువకులు “మా గుర్తును తీసేస్తున్నారు” అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌ను మన ఒక్కరిదని మనమే అంటే, తీసేయాలనేవారి పని సులువవుతుంది. భద్రాచలంలో గుడి కట్టించిన గోపన్న తానీషా కొలువులో తహసీల్దారు. శ్రీరామనవమి తలంబ్రాలకు సర్కారు ముత్యాలు పంపే ఆనవాయితీ ఆ తానీషాతోనే మొదలైందని ప్రతీతి. నేటికీ ప్రభుత్వం పంపుతూనే ఉంది. ఆ ముత్యాలను ముస్లింల గుర్తని ఎవరైనా అన్నారా?

రాచరికమనే వాదాన్ని కోయల నోట వింటే మాత్రం నేను తల వంచుతాను. సమ్మక్క పోరాడింది కాకతీయులతోనే కదా. వారి గుర్తును ముద్రలో చేర్చమంటే సంతోషంగా సంతకం పెడతాను. ఉన్నవాటిని చెరిపేయడానికి వారి పేరు వాడుకుంటే పెట్టను.

చిత్రం గురించి ఇంత వాదించిన మనం, దాని చుట్టూ ఉన్న అక్షరాలను మరిచాం. అందులో రాష్ట్రం పేరు ఇంగ్లీషు, తెలుగులతో పాటు ఉర్దూలోనూ ఉంది. ఆ ముద్ర ఖమ్మానికి వచ్చిన నాటికి, ఉర్దూకు రెండో అధికార భాష హోదా ఉన్న జిల్లాల్లో మన పాత ఖమ్మం జిల్లా లేదు! ముద్ర ముందొచ్చింది, చట్టం తరువాత వచ్చింది. 2017 నవంబరులో శాసనసభ రాష్ట్రమంతటినీ ఒకే యూనిట్‌గా తీసుకొని ఆ లోటు తీర్చింది.

మరి ఆచరణలో? పదవీ విరమణ తరువాత ఒక వృద్ధురాలికి తోడుగా పింఛను అర్జీ పట్టుకొని ఒక కార్యాలయానికి వెళ్లాను. ఉర్దూలో రాసిన అర్జీని చూసి, “తెలుగులో రాయించుకు రండి” అన్నారు. ఆ మాట అన్న ఉద్యోగి బల్లమీదే ఉర్దూ అక్షరాల ముద్ర ఉంది. అతణ్ని నిందించను. చదివిపెట్టే అనువాదకుడు అక్కడ లేడు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే. ఆమె కోసం తెలుగులో నేనే రాసిచ్చాను. ఇంటికొచ్చాక, అలా రాసివ్వడం పొరపాటనిపించింది.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం మసీదు కమిటీలకు నా విన్నపం ఒక్కటే. ఉర్దూ మాత్రమే వచ్చినవారి అర్జీలను ఉర్దూలోనే ఇప్పించండి, పని ఆగకుండా తెలుగు ప్రతిని జతచేయండి, రెండింటికీ రసీదు అడగండి. ఇవ్వకపోతే తేదీ, సమయం రాసుకోండి. అనువాదకుల పోస్టులు అడిగేనాడు ఆ లెక్కలే మనకు ఆధారం. నేనొక దస్త్రం తెరిచాను. ఇప్పటికి అందులో రెండు రసీదులు, ఏడు తిరస్కారాలు ఉన్నాయి.