తోటకావలి తుపాకి - అంగుళముల చట్టము

ఉద్దానపు జీడితోటకు, కొబ్బరితోటకు తుపాకిని కావలి యుంచుకొనదలచిన రైతు మొదట తెలిసికొనవలసినది దాని వెలను గాదు, గుండు పోవు దూరమును గాదు. దాని గొట్టము పొడవును. ఆ పొడవు చట్టము చెప్పిన కొలతకు ఒక్క అంగుళము తగ్గినను తోట యజమాని నేరస్థుడు గావచ్చును. పలాస, టెక్కలి ప్రాంతముల గృహస్థులు ఈ సంగతిని పోలీసు ఠాణాలో గాక ముందుగ తమ యింటనే తెలిసికొనుట మేలు.

నేడు మనకు వర్తించునది 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము. ఇది 1962 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులో నున్నది. గొట్టము 20 అంగుళములకు తక్కువ గాక, లోపల నున్నగా నుండు తుపాకిని ఆత్మరక్షణకు గాని క్రీడకు గాని కోరిన పౌరునకును, మూతినుండి మందు దట్టించు తుపాకిని నిజముగ పైరు రక్షణకే కోరిన రైతునకును లైసెన్సు ఇయ్యవలయునని దాని 13వ సెక్షను చెప్పుచున్నది. మందు దట్టించు తుపాకి పైరు రక్షణకు చాలదని అధికారికి తోచినచో, నున్నని గొట్టముగల మరియొక తుపాకికి అనుమతి నీయవచ్చును. కోరువాడు అనర్హుడైనను, ప్రజాశాంతికి భంగము కలుగునని తోచినను అధికారి నిరాకరింపవచ్చును. కాని కారణములను వ్రాసి యుంచవలయును. కావున లైసెన్సు అధికారి దయాభిక్ష గాదు. రైతు వినయముతో, కాని వెన్ను వంచక, దానిని కోరవచ్చును.

ఇక చిక్కు ఎచ్చట నున్నది? జీడికొమ్మలు నేలకు వంగియుండు తోటలలో పొడుగు గొట్టము అడ్డు తగులును. ఊరి కమ్మరిచే దానిని నాలుగంగుళములు కోయించిన సుకరముగ నుండునని తోచుట సహజమే. అట్లు లైసెన్సు లేక గొట్టమును కురుచ చేయుటను 6వ సెక్షను నిషేధించుచున్నది. 2019 సవరణ తరువాత దానికి శిక్ష ఏడు సంవత్సరములకు తక్కువ గాని కారాగారము. అది యావజ్జీవమునకును పెరుగవచ్చును. లైసెన్సు లేనివాడు తుపాకిని మార్చుటయే గాదు, మరమ్మత్తు చేయుటయు 5వ సెక్షను క్రింద నేరమే, దాని శిక్షయు నంతియే. యజమాని సౌకర్యమునకై కూలి పుచ్చుకొని పనిచేసిన కమ్మరియు, వడ్రంగియు ఈ వలలో చిక్కుదురు.

మన తెలుగువారు వేలకొలది స్థిరపడిన అమెరికా దేశపు పద్ధతిని దీనితో పోల్చి చూడుడు. అచ్చట రాష్ట్రమునకొక చట్టము. కాలిఫోర్నియాలో మందుగుండు పెట్టెను విడదీయుటకు వీలుగల కొన్ని అర్ధస్వయంచాలిత రైఫిళ్లకు మడతపడు మడమ యున్నచో వానిని నిషిద్ధాయుధములలో చేర్చుదురు. పొరుగున నున్న అరిజోనాలో ఆ నిర్బంధము లేదు. కాలిఫోర్నియావాసి ఆ మడమ మరల మడతపడకుండ చీల బిగించియో, స్థిరమైన మడమను అమర్చుకొనియో ఆ యొక్క దోషమును తొలగించుకొనును. అచ్చట ఆయుధమును మార్చుట చట్టమునకు లోబడుటకు మార్గము. ఇచ్చట ఆయుధమును మార్చుటయే అపరాధము. మన చట్టము దేశమంతటికి ఒక్కటి యగుట మంచిదే. మడమ మడతకన్న గొట్టపు పొడవును పట్టించుకొనుటయు వివేకమే, ఏలయన కురుచ గొట్టము బట్టలలో దాగును. కాని పౌరుని చేతులు కట్టిన ప్రభుత్వము, ఆ పనిని తిన్నగా చేయగల చేతిని పౌరునకు అందుబాటులో నుంచవలదా?

తుపాకి విషయమున ప్రభుత్వమునకు గల జాగ్రత్తను మేము తేలికగా నెంచము. 1878లో లిట్టను ప్రభువు కాలమున పుట్టిన ఆయుధ చట్టము భారతీయునకు లైసెన్సు విధించి ఐరోపావారిని విడిచిపెట్టినది. అది అవమానము. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానము నియమములకు లోబడి ఆయుధధారణ చేయుటను పౌరహక్కులలో చేర్చినది అందువలననే. కాని 1967 తరువాత శ్రీకాకుళ సాయుధ పోరాటమును, దాని అణచివేతను చూచిన సీమ యిది. ఉద్దానపు బొడ్డపాడు ఆ కథలో మరువరాని పేరు. తుపాకి ఎవరి చేతికి పోవునో యను శంక ఈ నేలపై నిరాధారము గాదు.

మరియొక భ్రమను తొలగింపవలసి యున్నది. తుపాకికి లైసెన్సు మృగమును చంపుటకు లైసెన్సు గాదు. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఎలుగుబంటి ఒకరి ప్రాణము తీసి పలువురిని గాయపరచిన సంగతి పాఠకులకు జ్ఞప్తిలో నుండును. అయినను ఎలుగు 1972 వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలులోనిది. ప్రాణరక్షణకై సద్బుద్ధితో చంపుట నేరము గాదు. తోటను కాచుటకై చంపవలెనన్న మాత్రము అడవి పందికైనను అటవీ అధికారుల అనుమతి కావలయును. రైతు చేతిలో రెండు చట్టములున్నవి. ఒకటి తుపాకి నిచ్చును, రెండవది మీటపై వ్రేలిని ఆపును.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన తోటలను మరల నిలబెట్టుకొను రైతులకు అధికారవర్గము చేయదగిన మేలు చిన్నది, వ్యయము స్వల్పము. లైసెన్సుతో పాటు దాని షరతులను తెలుగున నొక పుటలో ముద్రించి యిండు. ఏటనొకసారి పలాసలోను, టెక్కలిలోను లైసెన్సుగల మరమ్మత్తుదారుని కూర్చుండబెట్టి తుపాకులను కొలిపించి, బాగుచేయింపుడు. అడవి పంది విషయమున వచ్చిన అర్జీకి పంట యింకను చేనున నుండగనే బదులు చెప్పుడు.

రైతులకు మా మనవి యొక్కటే. గొట్టము అడ్డు తగిలిన కొమ్మను నరుకుడు, గొట్టమును నరుకకుడు.