గోడలకు చెవులు లేని గది

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్లు అంటారు. మా ఇంట్లో రెండు నెలలుగా నడుస్తున్న గొడవంతా ఆ చెవులు మూయడం గురించే. గోడపత్రికకు ఏదైనా రాసివ్వమని మేడమ్ అడిగితే నాకు వేరే విషయం తట్టలేదు. చదివి నవ్వుకున్నా పరవాలేదు, నాకు మాత్రం ఇది పెద్ద విషయమే.

మా ఇల్లు పెరంబూరులో. తాతయ్య కట్టించినది. ఇంటిని ఆనుకుని ఒక కార్ షెడ్డు ఉంది. పొడవు 18 అడుగులు, వెడల్పు 10. కారు అమ్మేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు అందులో నా సైకిలు, ఖాళీ సిలిండరు, బొమ్మల కొలువు పెట్టెలు, అవ్వ పారేయనివ్వని పాత మంచం ఉన్నాయి. మా అన్న డ్రమ్స్ వాయిస్తాడు, కొంచెం కీబోర్డు కూడా. ఆ షెడ్డును శబ్దం బయటికి రాని చిన్న స్టూడియోగా మార్చుకుంటానని ఒక రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

నాన్న తెలుగులో ఖర్చు అడిగారు. అమ్మ తమిళంలో పక్కింటివాళ్ల సంగతి అడిగింది. మా ఇంట్లో ఏ చర్చయినా ఇలా రెండు భాషల్లోనే జరుగుతుంది. అప్పుడు అన్న నావైపు తిరిగి, "నీకూ మంచిదే కదా పాపా, ఎంత గట్టిగా పాడినా ఎవరికీ వినబడదు" అన్నాడు.

వాడు మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో ఆ రాత్రంతా ఆలోచిస్తే గానీ తెలియలేదు.

నేను తొమ్మిదో ఏట పాట నేర్చుకోవడం మొదలుపెట్టాను. పది పన్నెండేళ్ల దాకా ఎంత గట్టిగా పాడినా అందరికీ ముద్దే. పదో తరగతికి వచ్చేసరికి అమ్మ "మెదువా పాడుమ్మా" అనడం మొదలుపెట్టింది. మెల్లగా పాడు, కిటికీ మూసి పాడు, చుట్టాలొచ్చారు ఇప్పుడొద్దు. అదే ఇంట్లో అన్న డ్రమ్స్ కొడుతుంటే వీధిలో ఎవరైనా అడిగితే "పైయ్యన్ ప్రాక్టీస్ పణ్ణరాన్" అని అదే అమ్మ నవ్వుతూ చెప్పేది. అమ్మను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమెను కూడా చిన్నప్పుడు ఎవరో అలాగే అని ఉంటారు. కానీ ఫలితం నేను అనుభవిస్తున్నాను. పోయిన ఏడాది మా పాట టీచరు చెప్పారు, నా స్వరం నాభి నుంచి రావడం లేదు, గొంతులోనే ఆగిపోతోందని. నాలుగేళ్లు మెల్లగా పాడితే గొంతు మెల్లగా పాడడమే నేర్చుకుంటుంది మరి.

అందుకే ఈ స్టూడియో గురించి నా అభిప్రాయం ఇది. షెడ్డును తప్పకుండా మార్చాలి. పక్కింటివాళ్ల నిద్ర చెడకూడదు కాబట్టి మార్చాలి. ఆడపిల్ల గొంతు బయటికి వినబడకూడదన్న కారణంతో మాత్రం మార్చకూడదు. పైకి రెండింటికీ కట్టేది ఒకే గోడలా కనబడుతుంది. కానీ లెక్క వేసి చూస్తే కట్టే పద్ధతి కూడా మారుతుందని నేను తెలుసుకున్నాను.

అన్న మొదటి ప్లాను చాలా చవక. కోడిగుడ్ల అట్టలు, థర్మాకోల్, నల్ల స్పాంజి. వీటితో గోడలు కప్పేస్తే చాలన్నాడు. చాలామంది ఇలాగే అనుకుని డబ్బు పోగొట్టుకుంటారు. శబ్దాన్ని బయటికి పోకుండా ఆపడం వేరు, గదిలో మారుమోగకుండా పీల్చుకోవడం వేరు. స్పాంజి రెండో పని చేస్తుంది, అదీ ఎక్కువగా పై స్వరాలకే. గుడ్ల అట్టలు ఆ పని కూడా సరిగా చేయవు. తేలికైన వస్తువేదీ శబ్దాన్ని ఆపలేదు. దోమతెరతో వాన నీళ్లు పట్టినట్టు ఉంటుంది.

శబ్దాన్ని ఆపాలంటే మూడు కావాలి: బరువు, బిగింపు, ఎడం.

బరువు అంటే గోడ బరువే. గోడ బరువు రెట్టింపు చేస్తే శబ్దం మరో 5, 6 డెసిబెళ్లు తగ్గుతుంది. రెండువైపులా సిమెంటు పూసిన 9 అంగుళాల ఇటుక గోడ దాదాపు 50 డెసిబెళ్లు ఆపుతుంది. తాతయ్య పుణ్యమా అని మా షెడ్డుకు మూడువైపులా ఆ గోడే ఉంది, పైన కాంక్రీటు శ్లాబు ఉంది. నాలుగో వైపు రేకు షట్టరు. అసలు సమస్యంతా అక్కడే.

బిగింపు అంటే సందు లేకపోవడం. కుక్కరు ఎంత మందంగా ఉన్నా గాస్కెట్టు వదులైతే విజిల్ రాదు కదా, ఇదీ అంతే. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు మిగిలినా, మిగతా గోడ ఎంత గట్టిదైనా మొత్తం మీద 20 డెసిబెళ్లకు మించి ఆగదు. తలుపు కింద వేలెడు సందు వదిలేసి గోడలకు లక్ష రూపాయలు పెట్టడం వృథా. బరువైన గట్టి తలుపు, దాని చుట్టూ రబ్బరు పట్టీ, కింద గడప ఉండాలి. కరెంటు పైపు దూరే రంధ్రం కూడా పూడ్చాలి.

ఎడం సంగతి మిక్సీని చూస్తే తెలుస్తుంది. వంటింటి బండ మీద మిక్సీ తిరిగితే పై గిన్నెలు కూడా గలగలమంటాయి. కింద మడతపెట్టిన గుడ్డ వేస్తే తగ్గుతుంది. డ్రమ్స్‌లో కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము నేలను కొడుతుంది, నేల గోడను కదిలిస్తుంది, గోడ పక్కింటి పడకగదిదాకా పోతుంది. దాన్ని ఆపాలంటే రబ్బరు మీద నిలబడే చెక్క వేదిక కావాలి. పాత గోడకు తగలకుండా లోపల ఇంకో గోడ కట్టాలి. ఇనుప ఫ్రేము, దానిలో రాక్‌వూల్, పైన రెండు పొరలు జిప్సం బోర్డు. అప్పుడు 10 అడుగుల షెడ్డు 9 అడుగులవుతుంది, ఖర్చు మూడింతలవుతుంది.

ఇప్పుడు నా లెక్క చూడండి. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. డ్రమ్స్ గట్టిగా కొడితే గదిలో 100 డెసిబెళ్లు దాటుతాయి. అంటే రాత్రిపూట 55 కన్నా ఎక్కువే ఆపాలి. పైగా లావు శబ్దాలను ఆపడం అన్నిటికన్నా కష్టం. పూర్తి గొంతుతో పాడితే మామూలుగా 90 చుట్టూ ఉంటుంది. గొంతుకు, కీబోర్డుకు అయితే షట్టరు తీసి ఇటుక గోడ, మంచి తలుపు పెడితే దాదాపు సరిపోతుంది. లోపల రెండో గోడ అక్కర్లేదు. అన్న రాత్రి 9 దాటితే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎలక్ట్రానిక్ ప్యాడ్ల మీద వాయించుకోవచ్చు.

అంటే ఈ గదికి ఎక్కువ ఖర్చు ఎవరి వల్ల? నా వల్ల కాదు. ఇన్నాళ్లూ మెల్లగా ఉండమని చెప్పింది మాత్రం నాకు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే నాన్న ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇక అభ్యంతరాలు. మన క్లాసులోనే ఇద్దరు ముగ్గురు అన్నారు, ఇంత డబ్బు ఎందుకు, వడపళని, కోడంబాక్కంలో గంటల లెక్కన అద్దె స్టూడియోలున్నాయి, లేకపోతే దుప్పటి కప్పుకుని ఫోనులో రికార్డు చేసుకోవచ్చు కదా అని. ఒక్క పాట రికార్డు చేయడానికి ఆ మాట నిజమే. కానీ సాధన రోజూ చేసేది. సాధనలో తప్పులే ఎక్కువ. ఒకే సంగతిని యాభైసార్లు తప్పుగా పాడాలి. గంటకు ఇంత అని డబ్బు కట్టి ఎవరూ తప్పులు పాడరు.

ఇంకో అభ్యంతరం అమ్మది. తలుపు మూస్తే లోపల ఏమవుతుందో బయటికి తెలియదు, అన్న స్నేహితులు వస్తూ పోతూ ఉంటారు, నువ్వు ఒక్కదానివే ఉంటావు అంది. ఇది పాత కాలపు భయమని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. శబ్దం రాని గది అంటే పిలుపు కూడా వినబడని గది. కాబట్టి తలుపుకు రెండు పొరల అద్దం పెట్టాలి, లోపల ఎవరున్నారో కనబడాలి. బయట మీట నొక్కితే లోపల బల్బు వెలగాలి. తలుపు లోపలినుంచి తాళం లేకుండా తెరుచుకోవాలి. షెడ్డులో ఉన్న సిలిండరు ముందు బయటికి పోవాలి.

గాలి సంగతి కూడా అంతే. మన మద్రాసు మే నెలలో సందు లేని గదిలో ముగ్గురు గంటసేపు పాడితే తలనొప్పి వస్తుంది. ఏసీ పెడతాం కదా అంటాడు అన్న. గోడకు పెట్టే స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, కొత్త గాలి తేదు. మలుపులు తిరిగే పెట్టెలాంటి దారి కట్టి, లోపల స్పాంజి అతికించి, చిన్న ఫ్యానుతో గాలి తెచ్చుకోవాలి. మలుపుల్లో శబ్దం పలచబడుతుంది, గాలి మాత్రం వస్తుంది. గదిలో మారుమోత తగ్గించడానికి అవ్వ కుట్టిన పాత బొంతలు, పుస్తకాల బీరువా చాలు. దానికి కొత్త ఖర్చేమీ లేదు.

ఇంతా చెప్పి ఒక పెద్దావిడ పేరు చెప్పకపోతే తెలుగు డిపార్ట్‌మెంటులో ఉండి తప్పు చేసినదాన్నవుతాను. బెంగళూరు నాగరత్నమ్మ గారు మద్రాసులో ఉండి సంపాదించిన సొత్తును తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరానికి పెట్టారు. ఆ సమాధి దగ్గర జరిగే ఆరాధనలో మాత్రం ఆడవాళ్లు పాడడానికి వీల్లేదన్నారు. ఆవిడ అక్కడే ఆడవాళ్లతో వేరుగా పాడించారు. తరువాత వర్గాలన్నీ కలిసి, ఆడవాళ్లకూ అక్కడ చోటు దొరికింది. ముద్దుపళని రాధికా సాంత్వనమును 1910లో అచ్చు వేయించింది కూడా ఆవిడే అని మనకు క్లాసులో చెప్పారు. ఆవిడ కావేరి ఒడ్డున నలుగురూ వినేలా పాడడానికి పోరాడారు. వందేళ్ల తరువాత నేను ఎవరికీ వినబడని గదికి సంతోషపడాలా?

సంతోషపడతాను, కానీ మూడు షరతుల మీద. మొదటిది, తాళంచెవులు రెండు ఉండాలి, ఒకటి నా దగ్గర. రెండోది, తలుపు మీద టైంటేబుల్ అంటించాలి. ఉదయం 6 నుంచి 7 నాది. పరీక్షల ముందు అన్న బ్యాండుకు పని ఉన్నా అది మారకూడదు. మూడోది, గది పూర్తయ్యాక డబ్బు మొత్తం ఇచ్చేముందు ఒక రాత్రి పదింటికి అన్న లోపల వాయించాలి, అమ్మ పక్కింటి ఆంటీ పడకగదిలో నిలబడి వినాలి. సరిపోయిందో లేదో చెప్పాల్సింది ఆంటీ. మేస్త్రీ కాదు, మేమూ కాదు.

ఇంకొక మాట. సాధనకు నాకు మూసిన గది కావాలి. పాటకు మాత్రం తెరిచిన తలుపు కావాలి. నేర్చుకున్నది ఇంటి హాల్లో చుట్టాల ముందు, వీధి వినాయకుడి దగ్గర, మన కాలేజీ స్టేజి మీద పూర్తి గొంతుతో పాడతాను. అప్పుడు ఎవరూ "మెదువా" అనకూడదు. స్టూడియో ఉంది కదా, అక్కడికి పోయి పాడుకో అని కూడా అనకూడదు. నాకు అసలు భయం ఆ మాట గురించే.

నాన్న సగం ఒప్పుకున్నారు. ముందు షట్టరు తీసి గోడ, తలుపు పెడదాం, లోపలి గోడ సంగతి అన్న ఉద్యోగంలో చేరాక వాడి డబ్బుతో చూసుకుంటాడు అన్నారు. పోయిన ఆదివారం ఇటుకలు దిగాయి. షట్టరు ఇంకా తీయలేదు. అందాకా నేను రోజూ పొద్దున్న ఆరుంబావుకు షట్టరు సగం ఎత్తి, పాత మంచం మీద కూర్చుని పాడుతున్నాను. మొన్న జ్వరంగా ఉండి ఒకరోజు మానేశాను. మరుసటి రోజు పాల ప్యాకెట్టు కోసం గేటు దగ్గరికి పోతే పక్కింటి ఆంటీ అడిగారు, "నేత్తు ఏన్ పాడలే?" అని. నిన్న ఎందుకు పాడలేదని.

ఇన్నాళ్లూ ఆవిడకు ఇబ్బంది అవుతుందనే కదా నేను గొంతు తగ్గించుకున్నది! ఆవిడను ఒక్కసారి కూడా ఎవరం అడగలేదు.

మీ ఇళ్లల్లో ఎలా ఉందో తెలుసుకోవాలనుంది. పాటే కానక్కర్లేదు, ఫోనులో మాట్లాడడమైనా, నవ్వడమైనా సరే. మెల్లగా అని మీకు ఎవరు చెప్పారు, ఎవరికోసం చెప్పారు? చీటీ మీద రాసి ఈ కాగితం కింద అంటించండి. పేరు రాయకపోయినా పరవాలేదు.