అడవి కాలినా గింజ మిగిలేదెలా?

ఎండలు ముదరగానే నల్లమలలో మంటలన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. మన భివండి పక్కన షహాపూర్ తాలూకాలోని తాన్సా అభయారణ్యమూ టేకు అడవే, వేసవిలో ఎండుటాకులతో నిండేదే. ఈ వార్తలు వచ్చినప్పుడల్లా మనలో వినిపించే మాట ఒకటుంది: "కాలితే ఏమైతది, వానలు పడితే మళ్లీ మొలుస్తది." ఇందులో సగమే నిజం. పిల్లలకు మిగతా సగం కూడా చెప్పాలి.

నేలమీద మంట వేడి వందల డిగ్రీలుంటుంది. కానీ గడ్డి, ఆకులు కాలే మంట త్వరగా దాటిపోతుంది, మట్టి వేడిని అంత తొందరగా లోపలికి పోనివ్వదు. రెండు మూడు అంగుళాల లోతున గింజ క్షేమంగానే ఉంటుంది. పెద్ద మొద్దు గంటలకొద్దీ రగిలిన చోట మాత్రం ఆ లోతున కూడా మిగలదు. గింజ ఎండి ఉండటం మరో రక్ష. తడి గింజ చాలా తక్కువ వేడికే చస్తుంది. టేకు గింజకు గట్టి టెంక ఉంది. రేల, తుమ్మ గింజల పెంకు నీటిని లోపలికి రానివ్వదు. కొద్దిపాటి వేడికి ఆ పెంకు చిట్లి, తొలకరి నీరు లోపలికి చేరుతుంది. ఆస్ట్రేలియాలోనైతే కొన్ని మొక్కల గింజలను పొగే నిద్ర లేపుతుంది. అక్కడి పరిశోధకులు పొగలోని ఆ పదార్థాన్ని 2004లో గుర్తించారు.

అంటే నిప్పు మంచిదేనా? కాదు. గట్టి గింజ ఒక మంటను తట్టుకుంటుంది, దాన్నుంచి వచ్చిన లేత మొక్క తట్టుకోలేదు. నిరుడు వానకు మొలిచినది ఈ వేసవి మంటకు మాడిపోతుంది. వేరు బతికితే చిగురిస్తుంది, మళ్లీ కాలుతుంది. ఇప్ప గింజ పరిస్థితి ఇంకా కష్టం. అది నేలలో ఏళ్లతరబడి దాగి ఉండే రకం కాదు. అందుకే పదేళ్లకోసారి వచ్చే మంట వేరు, ఏటేటా వచ్చే మంట వేరు.

ఏటేటా వచ్చే మంట చాలావరకు మనిషి పెట్టినదే. ఇప్పపువ్వు ఏరడానికి నేల కనబడాలని, తునికాకు లేతగా రావాలని నిప్పు పెడతారు. ఊళ్లో బీడీలు చుట్టిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి, ఇది మనకు తెలియని సంగతి కాదు. అడవి మీద బతికేవాళ్లను తిట్టి లాభం లేదు, ఆకుకు వేరే దారి చూపాలి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను కనిపెట్టి కబురు పంపుతోంది. కానీ ఆ కబురు మంట అంటుకున్నాకే వస్తుంది.

బడిలో దీన్ని చూపడం తేలిక. రేల కాయలు, అంటే ఇక్కడి పిల్లలకు తెలిసిన బహావా, ఏరి తెప్పించండి. కొన్ని గింజలను మామూలు నీళ్లలో నానబెట్టండి. మరికొన్నింటి మీద మరిగించి దించిన నీళ్లు పోసి, రాత్రంతా అలాగే ఉంచండి. వేడినీళ్లు టీచరే పోయాలి. రెండు రకాలనూ నాటి, ఏవి ముందు మొలుస్తాయో పిల్లలనే రాసుకోమనండి. తర్వాత ఒక మొలక మీద కూడా అవే వేడినీళ్లు పోసి చూపించండి.