బోరు నీళ్లు కలిపితే బలమొస్తుందా?

నార్కట్‌పల్లి చుట్టుపక్కల క్యాను నీళ్లకో, వంటింటి గోడకు బిగించిన ఫిల్టర్‌కో అలవాటు పడ్డవాళ్లను ఈమధ్య కొత్త బెంగ పట్టుకుంది. ఫిల్టర్ నీళ్లల్లో బలం లేదట, ఎముకలు గుల్లబారుతాయట, మోకాళ్ల నొప్పులు అందుకేనట! బెంగ ఉన్నచోట సరుకు దిగకుండా ఉంటుందా? నీళ్లలో వేసే ఖనిజాల చుక్కలు వచ్చాయి, మినరల్ క్యాట్రిడ్జ్‌లు వచ్చాయి. చిటికెడు సైంధవ లవణం చాలనే వాట్సాప్ వైద్యం సరేసరి.

బెంగ పూర్తిగా ఉత్తదేం కాదు. ఫిల్టర్‌లోని ఆర్‌ఓ పొర నీళ్లలో కరిగిన లవణాల్లో తొంభై శాతానికి పైగా ఆపేస్తుంది. చెడ్డదాన్ని ఆపి మంచిదాన్ని వదిలే తెలివి దానికి లేదు. ఫ్లోరైడ్‌తో పాటే కాల్షియం, మెగ్నీషియం పోతాయి. లీటరుకు 75 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లు రోజూ మూడు లీటర్లు తాగే మనిషికి నీళ్ల నుంచే 225 మిల్లీగ్రాములు అందుతుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1000. అంటే ఫిల్టర్ పెట్టగానే ఐదో వంతుకు పైగా పోయినట్టే. లవణాలు తీసేసిన నీళ్లు ఏళ్ల తరబడి తాగడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అచ్చేసిన పుస్తకంలో చెక్ శాస్త్రవేత్త కొజిషెక్ హెచ్చరించాడు. టీడీఎస్, అంటే కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న నీళ్లకు ఆర్‌ఓ వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా అన్నది.

అయితే ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు మన ఊరికి తెచ్చుకుంటే కొంప మునుగుతుంది. చాలా ఫిల్టర్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. ‘నీళ్లు చప్పగున్నయి’ అనగానే మెకానిక్ దాన్ని కాస్త తిప్పిపోతాడు. రుచి వస్తుంది, మీటరులో అంకె పెరుగుతుంది, ఇంట్లోవాళ్లు ఖనిజాలు తిరిగొచ్చాయని సంబరపడతారు. ఆ మర చేసే పనల్లా ఆర్‌ఓ పొర దాటని నీళ్లను తెచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలపడమే. ఇంటికొచ్చేది నది నీళ్లయితే ఫరవాలేదు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లయితే? నాలుగో వంతు కలిపినా తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటుతుంది. భారతీయ ప్రమాణం మేలన్న హద్దు అదే. వేరే దిక్కు లేనప్పుడు ఒప్పుకునే గరిష్ఠం 1.5. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. అందుకని బోరు మీద నడిచే ఫిల్టర్‌కు ఆ మర మూసే ఉండాలి. క్యాను నీళ్ల ప్లాంటు వదిలేసే చిక్కటి మురుగును బోరు పక్కనే ఇంకనివ్వడం మరో తెలివితక్కువ పని. తీసిన ఫ్లోరైడ్ మళ్లీ మన నేలలోకే పోతుంది.

మన నల్లగొండ జిల్లాకు ఇవన్నీ తెలియని సంగతులు కావు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది పోటీలో నిలిచారు, వాళ్లలో చాలామంది ఫ్లోరైడ్ గోడు వినిపించడానికే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అంతకు చాలా ముందే ఇక్కడి పిల్లల కాళ్లు చూసింది. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోవడం గురించి ఆ సంస్థ వైద్యులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సంస్థే తర్వాత జొన్నలను పరీక్షిస్తే, జబ్బున్న ఊళ్ల జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువుంది. అది ఎక్కువైతే ఒంట్లోని రాగి మూత్రంలో పోతుంది. కాల్షియం తక్కువైన ఒంటి మీద ఫ్లోరైడ్ మరింత దెబ్బతీస్తుందన్నదీ తేలింది. నీళ్లెంత ముఖ్యమో తిండీ అంతే ముఖ్యమని యాభై ఏళ్ల కిందే మన ఊళ్లలోనే రుజువైంది. మనం మాత్రం ఇంకా చుక్కల మందు వెతుకుతున్నాం.

పోయిన ఆ 225 మిల్లీగ్రాములు ఎట్లా వస్తాయి? రెండు పెద్ద చెంచాల నువ్వులు, అంటే ఇరవై గ్రాములు చాలు, దాదాపు 250 ఉంటుంది. డెబ్బై గ్రాముల తైదల పిండిలోనూ ఇంచుమించు అంతే, మెగ్నీషియం అదనం. నువ్వులలోది అంతా ఒంటికి పట్టదు నిజమే, కాబట్టి పక్కన చల్ల గ్లాసు ఉండాలి. పచ్చిపులుసు సంగతి చెప్పకుండా ఉండలేను. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. చింతపండుతో చేసే పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి కలుపుకునే అలవాటు మనకు ఉండనే ఉంది. అది తింటున్నాం కదా అని ఫ్లోరైడ్ నీళ్లు తాగొచ్చని కాదు.

సైంధవ లవణం ముమ్మాటికీ ఉప్పే. చిటికెడులో దొరికే ఖనిజాలు లెక్కలోకి రావు, బీపీ ఉన్నవాళ్లకు చేటు, పైగా అయోడిన్ ఉండదు. నల్ల ఉప్పు జోలికి అసలే పోవద్దని ఫ్లోరోసిస్ నిపుణులు చెప్తారు, దాంట్లోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌కు 2015లో పునాది పడింది మన పక్కనున్న చౌటుప్పల్‌లోనే. నల్లాలో శుద్ధి చేసిన నది నీళ్లు వస్తున్నప్పుడు, బోరు నీళ్లను ఆర్‌ఓలో పిండి, పోయిన ఖనిజాలను మళ్లీ డబ్బులిచ్చి కొనడం దేనికి? నల్లా నీళ్ల మీద అనుమానముంటే సీసాలో పట్టి నీటి పరీక్షల ల్యాబుకు పంపండి, ఫ్లోరైడ్ ఎంతో రాసిచ్చే కాగితం అడగండి. పైపు పగిలినా, ట్యాంకు కడగకపోయినా పంచాయతీని నిలదీయండి. బోరే గతి అయినవాళ్లు మాత్రం ఆర్‌ఓ మానొద్దు, ఈ వారమే మెకానిక్‌ను పిలిచి ఆ టీడీఎస్ మర మూయించండి.