పాత లెన్సు చేతిలో ఉండగా కొత్త అప్పు ఎందుకు?

మార్కాపురం, గిద్దలూరు, కంభం పట్టణాలలో ఫోటో స్టూడియో వృత్తి ఇప్పుడు రెండు వైపుల నుంచి నలుగుతున్నది. ఒకవైపు ప్రతి చేతిలోను సెల్‌ఫోను ఉన్నది. పాస్‌పోర్టు ఫోటోకు తప్ప స్టూడియో గడప ఎక్కేవారు తగ్గిపోయారు. రెండవవైపు, పెళ్లి ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవారు కూర్చోకముందే "మీ దగ్గర మిర్రర్‌లెస్ కెమేరా ఉందా?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు భయపడి, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కొత్త కెమేరా, కొత్త లెన్సులు కొనడానికి యువకులు సిద్ధపడుతున్నారు. లక్ష రూపాయలు తెస్తే నెలకు వడ్డీయే రెండు వేలు. ముహూర్తాలు లేని ఆషాఢంలో కూడా ఆ రెండు వేలు కట్టవలసిందే.

మరి ఆ స్టూడియో బీరువాలో ఏమున్నది? రీలు కెమేరాల కాలంలో తండ్రి వాడిన నికానో, పెంటాక్సో, మినోల్టానో తోలు సంచిలో పడి ఉండవచ్చు. రీలు దొరకడం, కడగడం కష్టమై కెమేరా మూలబడింది నిజమే. కాని దాని ముందున్న లెన్సుకు ఏ లోపమూ రాలేదు. గాజుకు రీలయినా, సెన్సారయినా ఒకటే. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికిన చందంగా, బీరువాలో లెన్సు ఉంచుకొని బజారులో అప్పు కోసం తిరగడం శోచనీయం.

"ఏ కెమేరా కొనాలి?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. "చేతిలో ఏ లెన్సు ఉన్నది?" అన్నది మొదట తేలాలి. దానిని బట్టి కెమేరాను ఎంచుకోవాలి. ఈ వరుస తలకిందులైనప్పుడే డబ్బు నష్టం.

మిర్రర్‌లెస్ కెమేరాకే పాత లెన్సు ఎందుకు బాగా కుదురుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమేరాలో లెన్సుకు, రీలుకు మధ్య అద్దం పైకి లేవడానికి చోటు కావాలి. అందుకని నికాన్ లెన్సు రీలుకు 46.5 మిల్లీమీటర్ల దూరంలో కూర్చుంటుంది. పెంటాక్స్‌కు ఈ దూరం సుమారు 45.5, మినోల్టాకు 43.5, కెనాన్ ఎఫ్‌డీ లెన్సుకు 42. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు గనుక ఈ దూరం సోనీలో 18, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లకు తగ్గింది. పాత నికాన్ లెన్సును సోనీకి తగిలించాలంటే 28.5 మిల్లీమీటర్ల ఖాళీ గొట్టం ఒకటి మధ్యలో ఉంటే చాలు. దానినే ఎడాప్టర్ అంటారు. అందులో గాజు ఉండదు, కరెంటు ఉండదు. రెండు మూడు వేల రూపాయలలో దొరుకుతుంది.

అయితే బీరువాలో ఉన్నదంతా పనికివస్తుందని అనుకోరాదు. ఒకనాడు ఇంటింటా కనిపించిన ఆగ్ఫా క్లిక్ 3 డబ్బా కెమేరాకు గాని, యాషికా ఎలక్ట్రో 35కు గాని, స్టూడియోలకు అన్నం పెట్టిన యాషికా మ్యాట్ 124జీకి గాని లెన్సు ఊడి రాదు. వాటిని జ్ఞాపకార్థం అద్దాల అరలో పెట్టుకోవడమే ఉత్తమం. నికాన్ ఎఫ్‌ఎం2, 1976 నుంచి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె1000, సోవియట్ రష్యా జెనిట్ వంటి వాటి లెన్సులు మాత్రం తేలికగా పనికివస్తాయి. జెనిట్‌తో వచ్చే 58 మిల్లీమీటర్ల హీలియోస్ లెన్సును ఇప్పటి కుర్రకారు దేశదేశాలలో వెతికి కొనుక్కుంటున్నారు.

తరువాత చూడవలసింది సెన్సారు పరిమాణం. రీలు మీద బొమ్మ 36, 24 మిల్లీమీటర్ల కొలత. అంతే కొలత ఉన్న సెన్సారును ఫుల్‌ఫ్రేమ్ అంటారు. దానిలో పాత లెన్సు నాడు చూపినంతా నేడూ చూపుతుంది. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సారులో 50 లెన్సు 75 లెన్సులా, 28 లెన్సు 42 లెన్సులా పనిచేస్తుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 50 కాస్తా 100 అవుతుంది. మనిషి ముఖం తీయడానికి ఇది ఇబ్బంది కాదు, పైగా మేలు. కాని మార్కాపురం చెన్నకేశవస్వామి రథోత్సవాన్ని ఇరుకు వీధిలో నిలబడి తీయవలసివస్తే, లెన్సులోని వెడల్పు పోయి గోపురం సగమే పడుతుంది. కాబట్టి పాత లెన్సులు వాడదలచినవారికి ఫుల్‌ఫ్రేమే సరైన దారి.

ఫుల్‌ఫ్రేమ్ అనగానే లక్షలు అని బెదరనక్కరలేదు. 2013లో వచ్చిన సోనీ ఏ7 నాడు అమెరికాలో 1,700 డాలర్ల సరుకు. నేడు సెకండ్‌హ్యాండ్‌లో అందులో కొద్ది భాగానికే వస్తున్నది. 24 మెగాపిక్సెళ్ల బొమ్మ పెద్ద ఆల్బమ్‌కు చాలినంత. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 2014 నాటి ఏ7 మార్కు 2 మేలు. చేయి వణికినా సెన్సారే సర్దుకునే ఏర్పాటు అందులో ఉన్నది. మండపంలో దీపాల వెలుగులో తీసేవారికి ఆ తేడా తెలుస్తుంది. 2020లో వచ్చిన నికాన్ జెడ్5లోను ఈ వసతి ఉన్నది. బడ్జెట్ మరీ తక్కువైతే 2014 నాటి సోనీ ఏ6000 చూడవచ్చు. అది చిన్న సెన్సారు అని మరువరాదు. ఏ7, ఏ7 మార్కు 2, ఏ6000 మూడింటికీ బ్యాటరీ ఒకటే. అది త్వరగా అయిపోతుంది గనుక రెండో మూడో జేబులో ఉండాలి.

ఆటోఫోకస్ లెన్సులు ఉన్నవారి లెక్క వేరు. కెనాన్ ఈఎఫ్ లెన్సుకు ఎపర్చర్ రింగు ఉండదు. అంతా విద్యుత్తుతో నడుస్తుంది. ఖాళీ గొట్టం దానికి చాలదు. అటువంటివారు 2019 నాటి కెనాన్ ఆర్‌పీ వంటి కెమేరా తీసుకొని, కెనాన్ కంపెనీ ఎడాప్టరే వాడితే ఆటోఫోకస్ కూడా పోదు. నికాన్‌లో ఏఎఫ్-డీ అనే లెన్సులకు సొంత మోటారు లేదు. నికాన్ ఎఫ్‌టీజెడ్ ఎడాప్టర్ మీద అవి చేతి ఫోకస్‌కే పరిమితం. ఆ లెన్సులే ఎక్కువగా ఉండి ఆటోఫోకస్ తప్పనిసరి అయితే, లోపల మోటారు ఉన్న నికాన్ డీ750 వంటి అద్దం కెమేరాయే చవక. మిర్రర్‌లెస్ అన్న మాట మోజులో పడి ఉన్న సౌకర్యం పోగొట్టుకోవడం తెలివి కాదు.

కొనేముందు లెన్సును పరీక్షించడం ఇంకా ముఖ్యం. వెనుక నుంచి టార్చిలైటు వేసి చూస్తే బూజు సాలెగూడులా కనిపిస్తుంది. ఎపర్చర్ రేకుల మీద నూనె మరకలు ఉండరాదు. ఫోకస్ రింగు బిగుసుకుపోకూడదు. పశ్చిమ ప్రాంతం పొడినేల గనుక కోస్తాతో పోల్చితే బూజు భయం తక్కువే. ఇక్కడ అసలు శత్రువు దుమ్ము. చాలా మిర్రర్‌లెస్ కెమేరాలలో లెన్సు తీయగానే సెన్సారు బయటపడుతుంది. పలకల ఫ్యాక్టరీల దగ్గర రాతి పొడి గాలిలో లెన్సు మార్చితే బొమ్మ బొమ్మకూ మచ్చ తప్పదు. లోపల ఒకచోట కూర్చొని, కెమేరా ముఖం కిందకు వంచి మార్చుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ కెమేరాను చూసేటప్పుడు, సొంత లెన్సును, ఎడాప్టర్‌ను వెంట తీసుకొనిపోయి, ఎపర్చర్ మూసి ఆకాశాన్ని ఫోటో తీసి సెన్సారు మచ్చలు చూసుకోవాలి. చాలా దూరంలో ఉన్న చెట్టు మీద ఫోకస్ కుదురుతున్నదో లేదో చూడాలి. ఎడాప్టర్ సరిగా తయారు కాకపోతే అక్కడే బయటపడుతుంది. లెన్సు తగిలించినా బటన్ నొక్కితే పనిచేయకపోవడం చూసి కెమేరా చెడిందని కంగారుపడేవారున్నారు. లెన్సు లేకుండా షట్టర్ పడనిచ్చే సెట్టింగు ఒకటి మెనూలో ఉంటుంది. దానిని మార్చితే చాలు.

ఇంత చెప్పినా ఒక వాదన మిగులుతుంది. పెళ్లిలో తలంబ్రాలు పోసే క్షణం, మూడు ముళ్లు పడే క్షణం చేతితో ఫోకస్ తిప్పుతూ కూర్చుంటే ఆగవు కదా అని అనుభవజ్ఞులు అంటారు. అది నిజం. పెళ్లి పనికి ఆటోఫోకస్ లెన్సు ఒక్కటైనా ఉండాలి. అవసరమైన రోజున దానిని అద్దెకు తెచ్చుకోవచ్చు, నాలుగు ఆర్డర్ల తరువాత కొనుక్కోవచ్చు. వధూవరుల నిలువు ఫోటోలు, పసిపిల్లల బొమ్మలు, కంభం చెరువు కట్టమీద సాయంకాలపు చిత్రాలు, నల్లమల కనుమల దృశ్యాలు తీయడానికి తండ్రి వాడిన 50 లెన్సు ఈనాటికీ ఎవరికీ తీసిపోదు. తెర మీద పెద్దది చేసి చూసుకునే వీలు, ఫోకస్ అంచులకు రంగు చూపే ఏర్పాటు మిర్రర్‌లెస్‌లో ఉన్నాయి. పాత కెమేరా కంటిరంధ్రంలో చూసి అలవాటుపడిన చేతికి అది వారం రోజుల సాధన.

1839 ఆగస్టు 19న ఫోటో తీసే విధానాన్ని ఫ్రెంచి ప్రభుత్వం లోకానికి వెల్లడించింది. ఆ రోజును ఫోటోగ్రాఫర్లు ఏటా పండుగగా జరుపుకుంటున్నారు. దండలు, సన్మానాలతో పాటు ఆ రోజున మార్కాపురంలోను, గిద్దలూరులోను ఒక్కొక్క బల్ల వేసి, ఎవరి పాత లెన్సులు వారు తెచ్చుకొని, నాలుగు రకాల ఎడాప్టర్లతో ఒక కెమేరాకు తగిలించి చూసుకునే ఏర్పాటు చేస్తే, ఖర్చు టీనీళ్లకు మించదు. ఏది పనికివస్తుందో ఏది రాదో పెద్దల సమక్షంలోనే తేలుతుంది. అప్పు పత్రం మీద సంతకం పెట్టబోయే యువకుడు ముందు ఆ బల్ల దగ్గరకు రావాలి. అంతకంటే ముందు ఇంట్లో బీరువా తెరవాలి.