చేతులు మారిన బండికి చరిత్ర పట్టిక

ఈ శీర్షికలో ఇంతవరకు పంపులు, కంప్రెసర్లు, కన్వేయర్ బెల్టుల వంటి కర్మాగారపు యంత్రాల నిర్వహణను గురించి ముచ్చటించుకొంటూ వచ్చాము. ఈసారి గేటు వెలుపల, క్వార్టర్ల ముందు నిలిచి ఉండే ఒక చిన్న యంత్రాన్ని ఎంచుకొన్నాము. అందుకు కారణం ఉంది. తారు రోడ్డు మీద, మట్టి బాట మీద సమానంగా నడిచే డ్యూయల్ స్పోర్ట్ మోటారు సైకిళ్ళను, అందునా పాతవాటిని, మన యువ ఇంజనీర్లు, ట్రైనీలు పలువురు కొంటున్నారు. యాభై దాటిన మేమూ ఇటీవల ఆ వరుసలో చేరాము. ముప్పై ఏళ్ళుగా స్కూటరు తప్ప మరొకటి ఎరుగని మాకు ఈ తరహా బండితో ఉన్న పరిచయం ట్రైనీలకున్న పరిచయం కన్న ఎక్కువేమీ కాదు. కనుక దీనిని నిపుణుని సలహాగా కాక, తోటి అభ్యాసకుని నివేదికగా పాఠకులు స్వీకరించగలరు.

ముందుగా బండి స్వరూపం. రోడ్డు మీద తిరగడానికి చట్టం కోరే దీపాలు, నంబరు పలక అన్నీ ఉండి, గులకరాళ్ళ దారిలోను, లోతు తక్కువ వాగులోను నడవగలది డ్యూయల్ స్పోర్ట్. 1968లో యమహా సంస్థ అమెరికాలో ప్రవేశపెట్టిన డి.టి.-1 ఈ తరహాకు పేరు తెచ్చింది. మన పల్లెల్లో పాలకేన్లు మోసిన రాజ్‌దూత్ ఆ పేరేదీ లేకుండానే అదే పని చేసింది. హీరో సంస్థ 2011లో 150 సి.సి. తరగతిలో ఇంపల్స్‌ను, 2019లో 200 సి.సి. తరగతిలో ఎక్స్‌పల్స్‌ను విడుదల చేసింది. మేము కొన్నది 2019 నాటి కార్బురేటర్ ఎక్స్‌పల్స్. ముందు చక్రం 21 అంగుళాలు, వెనుక చక్రం 18 అంగుళాలు. ఇంజను అడుగుకు, నేలకు మధ్య ఖాళీ 220 మి.మీ. ముందు ఫోర్కు 190 మి.మీ. మేరకు కుంగి లేవగలదు. ఇవన్నీ గుంతలను మింగడానికి పనికివచ్చే కొలతలు. అయితే సీటు ఎత్తు 823 మి.మీ. సగటు ఎత్తున్న మనిషికి రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనవు. అందుచేత కొత్తవారి చేతిలో ఈ బండి పడిపోయేది వేగంగా పోతున్నపుడు కాదు. ఆగినపుడు, మలుపు తిప్పినపుడు.

మా శ్రీమతి అడిగిన ప్రశ్న కూడ అదే. "సరే, కొనండి. అది పడితే మీరు లేపగలరా?" బండి బరువు సుమారు 154 కిలోలు. లేపడానికి పద్ధతి ఉంది. ముందు ఇంజను ఆపి, వీలయితే గేరులో ఉంచాలి. బండి కుడి వైపుకు పడితే సైడ్ స్టాండును ముందే తెరచి ఉంచుకోవాలి. లేపిన బండి అవతలికి పడకుండా అది ఆపుతుంది. తరువాత సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు పట్టును, రెండవ చేత్తో వెనుక కమ్మీని పట్టుకొని, నడుము వంచకుండా కాళ్ళ బలంతో వెనక్కు నెడుతూ లేవాలి. ఇసుక మీద పాత పరుపు వేసి నాలుగు సార్లు సాధన చేసిన తరువాతనే మేము కాలనీ గేటు దాటాము.

ఇక అసలు విషయం. మాకు అమ్మిన యువకుడు మర్యాదస్తుడు. "బండి బాగా నడుస్తోంది సార్, మొన్ననే సర్వీసు చేయించాను" అన్నాడు. నడిచిన మాట నిజమే. మీట నొక్కగానే ఇంజను అందుకొంది, పొగ లేదు, శబ్దం లేదు. కాని మన వృత్తిలో ఉన్నవారికి ఒక సంగతి విదితమే. మరో యూనిట్ నుంచి వచ్చిన పాత పంపును, పంపినవారి మాట మీద ఎవరూ లైనుకు కలపరు. దానికి చరిత్ర పట్టిక లేకపోతే, దానికి చరిత్రే లేదన్నట్లుగా భావించి విప్పి చూస్తారు. అదే నియమాన్ని ఇక్కడా పాటించాము. రెండు ఆదివారాలు బండిని షెడ్డులోనే ఉంచి, ముందు ఆగే భాగాలను, తరువాత తిరిగే భాగాలను, చివరగా నడిపించే భాగాలను పరీక్షించాము. ఈ క్రమాన్ని తలక్రిందులు చేయరాదు. కొత్తవారు సాధారణంగా ఇంజనుతో మొదలుపెడతారు. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. బ్రేకు చెడితే ఆగదు.

ముందు బ్రేకు ప్యాడ్లను టార్చి లైటుతో చూచాము. రాపిడి పదార్థం దాదాపు అరిగిపోయి, ఇనుప పలక డిస్కుకు తగలడానికి సిద్ధంగా ఉంది. బ్రేకు ద్రవం టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. డాట్-4 తరగతి ద్రవం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరినపుడు ప్రమాణం కోరే కనీస పరిమితి 155 డిగ్రీలే. విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డులో దిగుతూ బ్రేకును ఎడతెగకుండా పట్టినవారికి ఈ తేడా అర్థమవుతుంది. ద్రవం మరిగి బుడగలు లేస్తే, మీట చేతికి మెత్తగా దిగిపోతుంది. చక్రం మాత్రం పట్టుబడదు. బాగా నడుస్తున్న ఆ బండితోనే మేము మరుసటి ఆదివారం ఆ ఘాట్ ఎక్కి దిగవలసి ఉన్నది. ప్యాడ్లు మార్చి, ద్రవం మార్పించాము. ఈ ద్రవాన్ని రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది.

తరువాత ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, హ్యాండిలును ఒక వేలితో అటూ ఇటూ మెల్లగా తిప్పాము. నేరుగా ఉన్న స్థానానికి రాగానే "టక్" మని గాడిలో పడినట్లు ఆగింది. అంటే స్టీరింగ్ బేరింగు గుంట పడిందన్నమాట. ఎన్నో గుంతల దెబ్బలు ఒకే చోట తగలడం వల్ల ఇట్లా అవుతుంది. నడిపేటపుడు బండి తనంతట తాను దారి వెతుక్కొంటున్నట్లు తడబడుతుంది. కొత్తవాడు తన చేతకానితనమే అనుకొంటాడు. ఈ బేరింగు మార్పు మా చేతుల పని కాదు, మెకానిక్ చేత చేయించాము. ఏది మన పని, ఏది కాదు అని గీత గీసుకోవడం కూడ నిర్వహణలో భాగమే.

స్పోకులను చిన్న స్పానరుతో ఒక్కొక్కటిగా తట్టి చూడాలి. బిగువుగా ఉన్నది గంటలా మోగుతుంది, వదులైనది చప్పగా పలుకుతుంది. వెనుక చక్రంలో మూడు చప్పగా పలికాయి. ఒక స్పోకు వదులైతే దాని బరువును పక్కవి మోస్తాయి, అవి తెగుతాయి. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవైమూడవ వారం. గీతలు మిగిలి ఉన్నంత మాత్రాన టైరు కొత్తది కాదు. రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది.

చైను సంగతి. వెనుక స్ప్రాకెట్ వెనుక భాగంలో చైనును వేళ్ళతో వెనక్కు లాగితే పళ్ళ మీది నుంచి సగం వరకు లేచి వచ్చినట్లయితే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చవలసిందే. కొత్త చైనును పాత పళ్ళ మీద వేయడం దండుగ. సుమారు 500 కి.మీ.కు ఒకసారి, వానలోనో బురదలోనో నడిపితే ఇంటికి రాగానే, తుడిచి నూనె పెట్టాలి. బిగువు ఎంత ఉండాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. మరీ బిగిస్తే, వెనుక చక్రం లేచి దిగినపుడు చైను గేరుబాక్సు బేరింగును గుంజుతుంది. వదులుగా ఉన్న చైను శబ్దం చేసి హెచ్చరిస్తుంది, బిగువైనది హెచ్చరించదు.

ఇంజను ఆయిల్ దించినపుడు అయస్కాంతంతో కలిపి చూడాలి. బూడిద వంటి పొడి సహజం. చేతికి తగిలే రవ్వలు కనిపిస్తే మెకానిక్‌ను సంప్రదించాలి. డ్రెయిన్ బోల్టును టార్క్ రెంచితో బిగించాలి. అల్యూమినియం మరలు చేతి బలాన్ని భరించవు. మట్టి బాటలో తిరిగే బండికి గాలి ఫిల్టరు పుస్తకంలో చెప్పిన గడువు కన్న ముందే నిండుతుంది. ఫోమ్ ఫిల్టరును కడిగి వాడవచ్చు. నూనె పట్టించిన కాగితపు ఫిల్టరును కడగరాదు, మార్చాలి. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ కూడ తేమను పీలుస్తుంది. అందుచేత నెలల తరబడి నిలిపే కార్బురేటర్ బండిలో గిన్నె ఖాళీ చేసి ఉంచడం, పాత రబ్బరు గొట్టాలలో పగుళ్ళు చూడడం అవసరం.

పంక్చరు గురించి ఒక్క మాట. ఇవి ట్యూబు చక్రాలు. 21 అంగుళాల ట్యూబు పల్లె దుకాణాలలో దొరకదు. సంచిలో ఆ కొలత ట్యూబు ఒకటి ఉంచుకొంటే, అత్యవసరంలో వెనుక 18 అంగుళాల చక్రంలోను సర్ది ఇల్లు చేరవచ్చు. అయితే చక్రం విప్పడం, టైరు ఇనుములతో అంచు దాటించడం ఇంటి దగ్గర నేర్చుకోవలసిన విద్యలు. కొండదారిలో చీకటి పడే వేళ నేర్చుకొనేవి కావు.

కాగితాల విషయంలో కూడ ఇదే నియమం. మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మిన వ్యక్తి 14 రోజులలో, కొన్న వ్యక్తి 30 రోజులలో రవాణా అధికారికి తెలియపరచాలి. అందుకు 29, 30 నంబరు ఫారాలు. అప్పు తీరిన బండికి 35వ ఫారం, వేరే రాష్ట్రానికి తీసుకుపోయే బండికి 28వ ఫారం. స్టీరింగ్ మెడ మీద చెక్కిన ఛాసిస్ నంబరును రిజిస్ట్రేషన్ కార్డుతో అంకె అంకెగా సరిచూడాలి. రిజిస్టరులో పేరున్నవారే యజమాని అని, ప్రమాదం జరిగితే బాధ్యత వారిదేనని 2018లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. అంటే పేరు మార్చకపోతే, మనకు అమ్మిన ఆ కుర్రవాని మెడ మీద మన తప్పు వేలాడుతుంది. పేరు మార్పు కొన్నవాని సౌకర్యం కోసం మాత్రమే కాదు, అమ్మినవాని క్షేమం కోసం కూడ.

చివరగా, ఒక నూరు పేజీల నోటు పుస్తకం. తేదీ, ఓడోమీటరు అంకె, చేసిన పని, చేసినవారు, తరువాత చూడవలసిన గడువు: ఈ ఐదు గళ్ళు చాలు. మా పుస్తకంలో మొదటి పంక్తి "ముందు బ్రేకు ప్యాడ్లు మార్పు". రెండవది "స్టీరింగ్ బేరింగు, మెకానిక్ చేత". గత వర్షాకాలంలో వెనుక స్పోకులు మళ్ళీ వదులైనపుడు, ఎన్ని కిలోమీటర్లకు వదులయ్యాయో పుస్తకమే చెప్పింది. తరువాతి గడువును ముందుకు జరుపుకొన్నాము. బండిని గురించి మాకు కలిగిన ధైర్యం ఇంజను బలం వల్ల వచ్చింది కాదు, ఈ గళ్ళ వల్ల వచ్చింది.

మోకాళ్ళు సహకరించనినాడు ఈ బండిని మేమూ అమ్ముతాము. కొనేది బహుశా మన ట్రైనీలలో ఒకరు కావచ్చు. 29, 30 ఫారాలతోపాటు ఈ పుస్తకాన్నీ చేతికిస్తాము. "బాగా నడుస్తోంది" అని ప్రత్యేకించి చెప్పవలసిన అవసరం అప్పుడు ఉండదు.