పాత పెన్నూ, మా నాయన వేసిన ప్రశ్న

హాబీ అనగానే మనకు స్టాంపుల ఆల్బమో, పాత నాణేల పెట్టో గుర్తుకొస్తుంది. అదంతా డబ్బూ తీరికా ఉన్నవాళ్ళ వ్యవహారమని నేనూ నిన్నమొన్నటి దాకా అనుకున్నవాణ్ణే. నల్లమాడ పక్క పల్లెలో, వాన కోసం మొగులు చూసే సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినవానికి హాబీ ఏమిటి? అటువంటి నేను పోయిన సంవత్సరం రెండువందల యాభై రూపాయలు పెట్టి, రాయని పెన్ను ఒకటి కొన్నాను. అది తప్పా, ఒప్పా అన్నదే ఈ వ్యాసం.

కదిరిలో ఒక పాత సామాన్ల అంగట్లో, తుప్పు పట్టిన తాళాల మధ్య కనిపించింది. నల్లటి లావుపాటి పెన్ను. పాళీ నిండా ఎండిన సిరా. కంపెనీ పేరు అరిగిపోయింది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకం కలిసిన రబ్బరు వాసన. ఎబొనైట్! రబ్బరులో నూటికి ఇంచుమించు ముప్పై పాళ్ళు గంధకం కలిపి చాలాసేపు ఉడికిస్తే వచ్చే గట్టి పదార్థం. పుస్తకంలో చదివింది చేతికి దొరికితే ఆగలేకపోయాను. నాయన రికార్డు పుస్తకాలకని ఇచ్చిన డబ్బు అక్కడే అయిపోయింది.

ఇంట్లో సంగతి తెలిసింది. నాయన కోప్పడలేదు. "దీంతో రాస్తే మార్కులు ఎక్కువేస్తారేమిరా?" అని మాత్రం అడిగినాడు. కోప్పడినా బాగుండేది. రెండు ఆదివారాలు టమోటా తోటలో కూలికి పోయి ఆ డబ్బు పూడ్చాను గానీ, ప్రశ్న మాత్రం అట్లే మిగిలిపోయింది.

ఇక బాగుచేయడం. మొదటి రోజే పొరపాటు చేశాను. సిరా తొందరగా కరుగుతుందని మూతను వేడినీళ్ళలో వేస్తే, నిగనిగలాడే నలుపు పోయి పాచిరంగు తేలింది. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలిన ఎబొనైటులో పైపొర ఆక్సీకరణ చెంది ఉంటుంది, వేడినీరు దాన్ని బయటపెడుతుంది. కెమిస్ట్రీ విద్యార్థికి ఇది ముందే తెలిసి ఉండాలి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మిత్రులెవరైనా ఈ పనికి పూనుకుంటే చల్లటి నీళ్ళే వాడండి.

పాళీ కింద ఉండే నాలుక సన్నటి గాళ్ళతో ఉంటుంది. సిరా కిందికి దిగుతుంటే, ఆ చోటు నింపడానికి గాలి పైకి పోవాలి. ఈ రాకపోకలు సరిగా కుదిర్చిన నాలుకకు 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. నా పెన్నులో ఆ గాళ్ళు సిరా గడ్డలతో పూడిపోయాయి. గుండుసూదితో పొడుస్తూ ఉంటే, అరుగు మీద కూర్చున్న నాయన చూసి, "పొడవద్దురా, గాడి చెడిపోతాది. నానబెట్టు" అన్నాడు. విత్తనమేసేటప్పుడు జడ్డిగంలో పోసిన గింజ గొర్రు గొట్టంలో ఇరుక్కుంటే ఏం చేయాలో ఆయనకు తెలుసు. గొట్టం పూడితే సాలంతా ఖాళీ. మా తాతనాటి ఆ గొర్రును ఆయన ఎన్నిసార్లు బాగుచేసుకున్నాడో లెక్కలేదు. మూడు రోజులు నానబెట్టాను. నాలుగోనాడు నీళ్ళు తేటగా వచ్చాయి. బ్యూరెట్ కుళాయికి రాసే సిలికాన్ గ్రీజు కొంచెం కొని మరలకు పూశాను. పెన్ను రాసింది.

"నువ్వు గొర్రు బాగుచేసుకున్నట్టే గదా నాయనా" అన్నాను ధైర్యం చేసి. "గొర్రు కూడు పెడతాది. ఇదేం పెడతాది?" అన్నాడాయన.

జవాబు కోసం పుస్తకాలు వెదికాను. గాంధీజీ స్వదేశీ మాట పట్టుకుని 1932లో రాజమండ్రిలో కె.వి. రత్నం గారు పెన్నుల తయారీ ప్రారంభించారు. పెన్ను వాడి చూసిన గాంధీజీ, విదేశీ పెన్నులకు ఇది మంచి బదులని 1935లో ఆయనకు జాబు రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి చేసే ఆ పెన్ను చెడితే, చేసినవాడే బాగుచేసేవాడు. ఇది మన రాష్ట్రపు చరిత్ర. కానీ ఇది చెప్పినా నాయన ప్రశ్నకు జవాబు కాదు.

ఆ ఏడు వాన లేక చెనక్కాయ చేను ఎండిపోయింది. పంటనష్టం అర్జీ నా పెన్నుతోనే రాశాను. సగం రాసేసరికి పెద్ద సిరాచుక్క పడింది. పెన్నులో సిరా సగమే ఉన్నందువల్ల, చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను తోసేసింది. నాయన ఏమీ అనలేదు. ఇంకో కాగితం ఇచ్చినాడు. పెన్ను నిండా సిరా పోసి మళ్ళీ రాశాను. భూమి అవ్వ పేరిట ఉంది. ఆమె వేలిముద్ర వేసి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "అచ్చరాలు ముత్యాల్లాగున్నాయి. ఇందులో నా పేరు ఏదిరా?" అని అడిగింది. చూపించాను. ఆ అర్జీ ఏమైందో ఇంతవరకు తెలియదు.

నా అభిప్రాయం ఇది. వందల పెన్నులు కొని, అద్దాల పెట్టెలో దాచి, ధర చెప్పుకుని మురిసేవాళ్ళ హాబీ నాకు నచ్చదు. అది పెన్నును రెండోసారి చంపడమే. అలాగని మనం వారానికొక బాల్‌పెన్ను పారేసుకుంటూ పొదుపు గురించి మాట్లాడటమూ న్యాయం కాదు. మా తరగతిలో నలభైమందిమి నెలకు రెండేసి పారేసినా, పది నెలల్లో ఎనిమిది వందలు. పాత పెన్నుతో మార్కులు ఎక్కువ రావు, డబ్బూ పెద్దగా మిగలదు. అయితే చెడినదాన్ని పారేయకముందు ఒకసారి విప్పి చూసే బుద్ధి వస్తుంది. సేద్యగాని ఇంట్లో ఆ బుద్ధి ఎప్పుడూ ఉంది. చదువుకున్న మనమే పోగొట్టుకున్నాము.

కాబట్టి విద్యార్థి సంఘానికి నా విన్నపం. వచ్చే ఏడు వార్షికోత్సవంలో ఒక బల్ల వేయండి. ఇళ్ళలో మూలపడిన పెన్నులు తెమ్మనండి. నీళ్ళు, గుడ్డ, గ్రీజు నేను తెస్తాను. మా నాయన ప్రశ్నకు నా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే ఆ బల్ల దగ్గర చెప్పండి.